గుండె మొన ఎటువైపు?

ఐర్లండులో కొత్తగా పరిచయమైన మనిషిని పెళ్లయిందా అని అడగక్కర్లేదు, చేతి వంక చూస్తే చాలు అంటారు. వేలికి క్లాడా ఉంగరం ఉంటే దాని మీద గుండె బొమ్మ ఉంటుంది. ఆ గుండె మొన ఎటు తిరిగిందో చూసుకోవాలి. ఉంగరం కుడిచేతికి ఉండి మొన వేలి కొస వైపు ఉంటే మనసు ఖాళీగా ఉన్నట్టు. అదే చేతికి మొన మణికట్టు వైపు తిరిగితే మనసులో ఎవరో చేరినట్టు. ఎడమచేతికి మారి మొన బయటికి ఉంటే నిశ్చితార్థం అయినట్టు, లోపలికి ఉంటే పెళ్లే అయిపోయినట్టు. మన పెళ్లిళ్ల పేరయ్యలకు ఈ పద్ధతి తెలిసుంటే సగం ప్రయాణాలు తప్పేవి.

ఉద్యోగం గాల్వేకి తీసుకొచ్చాక నాకూ ఈ చేతులు చూసే జబ్బు పట్టుకుంది. బస్సులో కమ్మీ పట్టుకున్న చెయ్యి, కాఫీ అందించే చెయ్యి, మీటింగులో పెన్ను తిప్పుతూ కూర్చునే చెయ్యి. ఈ ఊరు పడమటి ఒడ్డున అట్లాంటిక్ గాలికి ఎదురుగా ఉంటుంది. ఏడాదిలో చాలా నెలలు అందరి చేతులూ జేబుల్లోనే. బయటికొచ్చిన ఆ కాసేపట్లోనే చదివేయాలి. "చదివి ఏం చేస్తారు?" అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు ఈ వ్యాసమే జవాబు.

దగ్గరగా, తీరిగ్గా చూసింది మాత్రం మా పక్కింటి పెద్దావిడ ఉంగరాన్ని. ఎనభై దాటిన మనిషి. ఓ ఆదివారం వాళ్ళ వంటింట్లో టీ తాగుతుంటే, ఎప్పుడూ నా చేతికేసే చూస్తావేం నాయనా అని నవ్వి, సింకు దగ్గరికెళ్ళి వేలికి సబ్బు రాసుకుని, మెలితిప్పి మెలితిప్పి లాగి నా అరచేతిలో పెట్టింది. వాళ్ళ అమ్మమ్మది, అమ్మ మీదుగా ఆవిడకు వచ్చింది. బంగారమే గానీ మన ఇరవై రెండు క్యారెట్ల పసుపు కాదు, కాస్త ఎరుపు తిరిగిన రంగు. రెండు పక్కల నుంచి రెండు చేతులు వచ్చి మధ్యలో ఒక గుండెను పట్టుకుంటాయి. ఒక్కో చేతికి చొక్కా మడత కూడా చెక్కారు, సన్నటి గీతలతో. గుండె పైన కిరీటం. ఒకప్పుడు దానికి మొనలుండేవట, ఇప్పుడు పిండి బొమ్మకున్నట్టు గుండ్రటి బుడిపెలే మిగిలాయి. గుండె మీద మాత్రం గీత అన్నది లేదు, అద్దంలా నునుపు. వెనక వైపు చుట్టు తీగలా సన్నబడింది. ఒకచోట అతుకు పడింది, అక్కడ బంగారం రంగు కొంచెం లేత. లోపల ఏవో అక్షరాలుండేవని వేలితో తడిమి చూపించింది. నా వేలికి ఏమీ తగల్లేదు. ఆవిడకు తగిలినట్టే ఉంది.

చేతులు స్నేహానికి, గుండె ప్రేమకు, కిరీటం మాట మీద నిలబడటానికి గుర్తులని ఐర్లండులో చిన్నపిల్లలు కూడా అప్పజెబుతారు. నాకు నచ్చింది ఆ మూడూ కాదు, వాటి అమరిక. ప్రేమ తనంతట తాను నిలబడలేదు, స్నేహం రెండు చేతులతో ఎత్తి పట్టుకోవాలి. ఈ ఉంగరం చేసినవాడెవడో గానీ కాపురం తెలిసినవాడు. పైగా ఇది పెళ్లి ఉంగరమే కానక్కర్లేదు. తల్లి కూతురికిస్తుంది, స్నేహితులు ఒకరికొకరు ఇచ్చుకుంటారు, పరీక్ష పాసైన మనవరాలికి తాత కొనిస్తాడు. అలాంటప్పుడు గుండె మొన ఎటు తిరిగినా ఎవరూ పట్టించుకోరు.

ఆలోచన మాత్రం పూర్తిగా ఐర్లండుది కాదు. కలుపుకున్న రెండు చేతుల ఉంగరాలు రోమన్ల కాలం నుంచీ ఉన్నాయి. మధ్యయుగాల్లో యూరప్ అంతటా నిశ్చితార్థాలకు వాటినే ఇచ్చేవారు. ఇటాలియన్ మాటతోనే వాటిని ఫెడె ఉంగరాలు అంటారు. ఆ చేతుల మధ్య గుండె పెట్టి, పైన కిరీటం పెట్టి, ఒక ఊరి పేరు తగిలించుకోవడం గాల్వే గొప్ప.

ఇంత మంచి వస్తువుకు ఒక కథ చాలదు. గాల్వే వాళ్ళు రెండు చెబుతారు. మొదటిది రిచర్డ్ జాయిస్ కథ. గాల్వేను ఏలిన పద్నాలుగు వర్తక కుటుంబాల్లో జాయిస్‌లది ఒకటి. రిచర్డ్ 1675 ప్రాంతంలో వెస్టిండీస్‌కు ఓడెక్కితే దారిలో అల్జీరియా సముద్రపు దొంగలు పట్టుకున్నారు. అల్జియర్స్‌లో ఒక మూర్ స్వర్ణకారుడికి బానిసగా అమ్మేశారు. యజమాని దగ్గరే పని నేర్చుకున్నాడు, చెయ్యి తిరిగింది. 1689లో మూడో విలియం రాజు తన ప్రజలను వదిలిపెట్టమని రాయబారం పంపినప్పుడు రిచర్డ్‌కూ విముక్తి దొరికింది. వెళ్ళొద్దు, నా కూతుర్నిస్తాను, ఆస్తిలో సగమిస్తాను అన్నాడట యజమాని. రిచర్డ్ వినలేదు, గాల్వేకు తిరిగొచ్చి నగల పని పెట్టుకున్నాడు. జేమ్స్ హార్డిమన్ 1820లో అచ్చేసిన గాల్వే చరిత్రలో ఇది ఉంది. రిచర్డ్ పేరు అక్షరాలూ, లంగరు గుర్తూ ఉన్న పాత పనితనం దొరికింది కాబట్టి మనిషి నిజమే. ఊళ్ళో ప్రియురాలు పద్నాలుగేళ్ళు ఎదురుచూసిందనీ, బానిసగా ఉండగా ఆమెను తలుచుకుంటూ ఈ ఉంగరం చేశాడనీ చెప్పేది దుకాణాల వాళ్ళు. అది లేకపోతే బేరం ముందుకు సాగదు. నాకు మాత్రం అల్జియర్స్‌లో ఆ స్వర్ణకారుడి కూతురి సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆమెను అడిగారా? అడిగితే ఏమంది? ఆమె పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

రెండోది 16వ శతాబ్దపు మార్గరెట్ జాయిస్ కథ, అదే ఇంటి ఆడపడుచు. డొమింగో డి రోనా అనే స్పానిష్ వర్తకుణ్ణి పెళ్లాడి అతనితో స్పెయిన్ వెళ్ళింది. అతను బోలెడంత డబ్బు వదిలి చనిపోయాడు. తిరిగొచ్చి ఆలివర్ ఓగ్ ఫ్రెంచ్‌ను పెళ్లి చేసుకుంది, 1596లో గాల్వే మేయరయినవాడు. కొత్త మొగుడు సముద్రం మీద వ్యాపారంలో ఉండగా ఈవిడ పాత మొగుడి డబ్బుతో కొనాక్ట్ ప్రాంతమంతా వంతెనలు కట్టించింది. ఒకరోజు పని చూసుకుంటూ కూర్చుంటే పైనుంచి ఒక గద్ద ఎగురుతూ వచ్చి ఒడిలో ఉంగరం పడేసి పోయిందట. మగవాడి కథలో ఉంగరం ప్రేమ గుర్తు, ఆడమనిషి కథలో కష్టానికి కూలి. గద్ద సంగతి నమ్మాలని లేకపోయినా నా ఓటు మార్గరెట్‌కే. నదులు దాటాల్సిన పేదవాళ్ళకు దారి వేసిన మనిషి, ఉంగరం కోసం అడగలేదు కూడా.

తమాషా ఏమిటంటే ఈ కథల్లోని వాళ్ళెవరూ క్లాడా ఊరివాళ్ళు కారు. వీళ్ళంతా గాల్వే కోటగోడ లోపల ఇంగ్లీషు మాట్లాడిన వర్తకులు. క్లాడా గోడ బయట, కారిబ్ నది సముద్రంలో కలిసే చోట, పూరిళ్ళ చేపలపల్లె. వాళ్ళ మాట ఐరిష్, వాళ్ళ పెళ్లిళ్ళు వాళ్ళలో వాళ్ళకే. తగువులు తీర్చడానికి ఊరంతా కలిసి ఒకరిని రాజుగా ఎన్నుకునేవారు. అందరి పడవలకూ ముదురెరుపు తెరచాపలుంటే రాజుగారి పడవకు ఒక్కదానికే తెల్ల తెరచాప. ఆయనకున్న రాచరికం అంతే, తక్కిన రోజుల్లో ఆయనా వల లాగాల్సిందే. మగవాళ్ళు పట్టిన చేపల్ని ఆడవాళ్ళు నది దాటి, 1584లో కట్టిన స్పానిష్ ఆర్చ్ దగ్గర అమ్మేవాళ్ళు. ఆ మట్టి ఇళ్ళలో ఉన్న విలువైన వస్తువు ఒక్కటే, తల్లి వేలి ఉంగరం. తల్లి దగ్గర నుంచి పెళ్లయ్యే కూతురికి చేరేదని 1840లలో ఆ ఊరు చూసిన యాత్రికులు రాశారు. క్లాడా ఉంగరం అన్న పేరు కూడా ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చింది. అంతకుముందు అది ఉంగరం, అంతే.

సరిగ్గా అప్పుడే ఐర్లండు పేదల తిండైన ఆలుగడ్డకు తెగులు వచ్చింది. 1841 జనాభా లెక్కల్లో ఐర్లండు జనం సుమారు 82 లక్షలు, 1851 నాటికి 65 లక్షలు. కొందరు ఆకలికి పోయారు, కొందరు ఓడలెక్కారు. క్లాడాలో వలలు, పడవ సామాన్లు తాకట్టుకెళ్ళాయి, వాటి వెనకే ఉంగరాలు. విడిపించుకోవడానికి ఎవరూ రాకపోతే తాకట్టు దుకాణం వాడు ఏం చేస్తాడు, కరిగిస్తాడు. పాత క్లాడా ఉంగరాలు ఇవాళ అంత అరుదుగా దొరకడానికి ఫ్యాషన్ మారడం కారణం కాదు. మిగిలినవి వేళ్ళ మీదే ఓడెక్కి బోస్టన్, న్యూయార్క్, లివర్‌పూల్ రేవుల్లో దిగాయి.

ఇక్కడ నాదో ఊహ. మొన ఎటు తిరిగిందన్న లెక్క క్లాడా పల్లెలో పుట్టి ఉండదు. ఆ ఊళ్ళో ఎవరికి పెళ్లయిందో, ఎవరు ఎవరి కోసం చూస్తున్నారో పొద్దున చేపల బుట్ట దింపేలోగా అందరికీ తెలుసు. చెయ్యి చూడాల్సిన అవసరమేముంది? ఒకరికొకరు తెలియని పెద్ద ఊళ్ళలోనే, బాల్ రూముల్లో, కూలి జనం కలిసే చర్చి మెట్ల మీద, ఈ గుర్తు పనికొచ్చి ఉంటుంది. ఐర్లండులోనే ఈ లెక్క ఇంటికో రకంగా చెబుతారు. మా పక్కింటావిడ నియమాలు పైన చెప్పినట్టే ఉంటాయి, ఆవిడ తమ్ముడు మాత్రం చేతులు తారుమారు చేస్తాడు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఈ విషయం మీద క్రిస్మస్ భోజనాల దగ్గర కొట్టుకున్న ఇళ్ళున్నాయి. ప్రపంచానికి ఈ లెక్క నేర్పిన ఘనత కొంత టీవీది కూడా. 1998లో 'బఫీ ద వాంపైర్ స్లేయర్' సీరియల్లో ఏంజెల్ బఫీ పుట్టినరోజుకు ఈ ఉంగరమిచ్చి, గుండె లోపలికి తిప్పుకుంటే నువ్వు ఒకరి మనిషివని అర్థం అని చెబుతాడు. ఏంజెల్ రక్తపిశాచి, పుట్టింది గాల్వేలో. అమెరికా అమ్మాయిలు ఆ ఎపిసోడ్ తర్వాత ఉంగరం కొనుక్కున్నారు, పిశాచి సంగతి వదిలేశారు.

అమెరికాలో దీని పరపతి అంతకు ముందునుంచీ ఉంది. డిస్నీలాండ్‌లో మికీ చెయ్యి పట్టుకుని నిలబడ్డ వాల్ట్ డిస్నీ కంచు విగ్రహం వేలికి చూడండి, క్లాడానే. ఆయన పూర్వీకులు ఐర్లండు నుంచి వలస వెళ్ళినవాళ్ళు.

కిరీటం మాత్రం అందరికీ మింగుడుపడలేదు. మాట మీద నిలబడటానికి గుర్తుగా కిరీటమే ఎందుకు, అది లండన్‌లో ఉన్న తలకాయది కదా అన్నారు కొందరు. అలా కిరీటం తీసేసి చేసినదాన్ని ఫీనియన్ క్లాడా అంటారు. ఫీనియన్లు 1858లో డబ్లిన్‌లో మొదలైన స్వాతంత్ర్య సంఘం వాళ్ళు. అదే రోజుల్లో విక్టోరియా రాణి, ఆమె కొడుకు ఏడో ఎడ్వర్డ్ ఈ ఉంగరాలు తొడుక్కున్నారని గాల్వే నగల దుకాణాల వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. రాణీ, రాణిని గెంటేయాలనుకున్నవాడూ ఒకే ఉంగరం, కిరీటం ఉన్నదీ లేనిదీ.

ఐర్లండు వాళ్ళ ఉంగరాల పిచ్చి వేళ్ళతో ఆగదు. హాలోవీన్‌కు బార్మ్‌బ్రాక్ అని ఎండు ద్రాక్ష వేసిన తీపి రొట్టె చేస్తారు, లోపల ఒక ఉంగరం దాచిపెడతారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకు ఏడాది తిరిగేలోగా పెళ్లి. జేమ్స్ జాయిస్, ఆయన ఇంటిపేరూ మన రిచర్డ్‌ది, మార్గరెట్‌దే, 1914లో వచ్చిన 'డబ్లినర్స్'లో 'క్లే' అనే కథ రాశాడు. మరియా అనే పెళ్లికాని మధ్యవయసావిడ లాండ్రీలో పనిచేస్తుంటుంది. బ్రాక్ ముక్కలు కోసి పంచేది తనే. ఈసారి ఉంగరం నీకేనని తోటి ఆడవాళ్ళు ఎప్పటిలాగే వేళాకోళం చేస్తారు. సాయంత్రం ఒక ఇంట్లో కళ్ళకు గంతలు కట్టి పళ్ళేల ఆట ఆడిస్తే ఆమె చేతికి తగిలేది తడి మట్టి, తర్వాత ప్రార్థన పుస్తకం. ఉంగరం మాత్రం తగలదు. ఉంగరం ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు మనిషిని తూచే పద్ధతిని ఆ కథంత నెమ్మదిగా, అంత ఘోరంగా చూపించింది నేను ఇంకెక్కడా చదవలేదు. జాయిస్ తనవరకు గాల్వే అమ్మాయి నోరా బార్నికల్‌తో 1904లో ఇల్లొదిలి వెళ్ళి, ఇరవై ఏడేళ్ళు కలిసి బతికి, 1931లో లండన్‌లో పెళ్లి సంతకాలు పెట్టాడు.

ఉంగరం తీయించిన ఆ ఆదివారం పక్కింటావిడను ఒకటి అడిగాను. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఉంగరం కుడిచేతికి ఉంది, మొన లోపలికి ఉంది. దానికి అర్థమేమిటి? ఆయన పోయాక ఏడాది ఎడమచేతికే ఉంచుకుందట. ఒక ఉదయం తీసి కుడిచేతికి మార్చింది. ఎవరూ మార్చమనలేదు, వద్దనలేదు. మొన లోపలికే తిప్పుకుంది. వాళ్ళ చర్చి గుంపులో ఒకావిడ ఇక బయటికి తిప్పరాదా అంటే, ఈ వయసులో నా చెయ్యి ఎవరు చూస్తారు, చూస్తే మోకాళ్ళు చూసి జాలిపడతారు అని నవ్వేసిందట. చెప్పి, ఉంగరం నా చేతిలోంచి తీసుకుని, సబ్బు అక్కర్లేకుండానే తొడిగేసుకుంది.

ఆ రాత్రి మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది. పెదనాన్న పోయిన పదో రోజున గాజులు, బొట్టుతో పాటు ఆవిడ కాలి మెట్టెలు తీసేశారు. తీసింది ఆవిడ కాదు. చుట్టూ చేరిన ముత్తయిదువలు కాని పెద్దాళ్ళు, అలవాటైన చేతులు. నలభై ఏళ్ళుగా మెట్టెలున్న వేళ్ళ మీద తెల్లటి చారలు పడి ఉన్నాయి, అవి ఎండకు కలవడానికి చాలా నెలలు పట్టింది. పెదనాన్న పోయారన్నది ఆవిడకు తెలుసు. దాన్ని ఆవిడ ఒంటి మీద రాయాల్సిన అవసరం ఎవరికి వచ్చిందో ఆ రోజు నేను అడగలేదు, అడిగే వయసు కాదు. మెట్టె ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. మధ్యలో తిప్పుకునే వీలు దానికి లేదు.

క్లాడా ఉంగరానికి ఉన్నది ఆ వీలే. ప్రేమ దొరకనప్పుడు, దొరికినప్పుడు, పెళ్లయినప్పుడు, మొగుడు పోయినప్పుడు అదే ఉంగరం, అదే మనిషి. తిప్పేది ఆమె వేళ్ళే. నాకు దాని మీదున్న మూడు గుర్తుల కన్నా ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది.

అలాగని ఐర్లండు ఆడవాళ్ళకు స్వర్గమేమీ కాదు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న ఆడది పెళ్లి చేసుకుంటే ఉద్యోగం మానేయాలన్న నిబంధన 1973 దాకా ఉంది. విడాకులకు అనుమతి 1995 రిఫరెండంలో వచ్చింది, అదీ తొమ్మిది వేల చిల్లర ఓట్ల తేడాతో. అంతదాకా మొగుడితో పడక విడిగా బతుకుతున్న ఆడమనిషి చట్టం ముందు పెళ్లయిన మనిషే. ఆమె వేలికి ఉంగరం ఎటు తిరిగి ఉన్నా కోర్టు చూడదు. అయినా తిప్పుకున్నవాళ్ళు ఉన్నారని మా పక్కింటావిడ అంది. ఎవరికోసం అంటే, ఎవరికోసమైతేనేం అంది.

క్లాడా పల్లె ఇప్పుడు లేదు. ఆ పూరిళ్ళన్నిటినీ 1930లలో పడగొట్టి మున్సిపాలిటీ వరస ఇళ్ళు కట్టింది. నది ఒడ్డున హంసలు, గడ్డి మైదానం, సాయంత్రం నడకకు వచ్చే జనం. ఊరి పేరు మాత్రం దుకాణాల అద్దాల వెనక వెలుగుతుంటుంది, వెండిలో, బంగారంలో, పచ్చరాయి గుండెలో. తొమ్మిది క్యారెట్ల నుంచి పద్దెనిమిది దాకా దొరుకుతాయి. వెండివి విద్యార్థులు కూడా కొనగలిగినంత చవక.

గాల్వే వస్తే ఒకటి కొనుక్కోవాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. లోపలి వైపు బంగారం నాణ్యత తేల్చే డబ్లిన్ అస్సే ఆఫీసు ముద్ర ఉందో లేదో భూతద్దం అడిగి చూడండి. ఈ ఉంగరం ఎవరైనా ఇవ్వాలే గానీ మనకు మనం కొనుక్కోకూడదని అంటారు, దుకాణం అమ్మాయే అంటుంది, అన్న వెంటనే బిల్లు కూడా వేస్తుంది. ఇచ్చేవాళ్ళ కోసం ఆగకండి. అమ్మకు, అక్కకు, స్నేహితురాలికి తీసుకెళ్ళాలనుకున్నా మంచిదే, ప్రేమికులకే ఇవ్వాలన్న నియమం లేదు. సైజు మాత్రం అర నంబరు పెద్దదే తీసుకోండి. వయసుతో వేళ్ళు లావెక్కుతాయి, తిప్పుకోవడానికి సబ్బు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.